మంచుకొండా, నా పదేళ్ళూ

కొండ అనేదాన్ని నేను మొదటిసారి చూసింది కాగితం మీద. అదీ షార్జాలో, రెండువేల ఏడు మే నెలలో, బయట గోడ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఎండలో.

మాది కోనసీమ, గోదావరి లంక. మా వైపు ఎత్తు అంటే కొబ్బరిచెట్టు. ఇంకా ఎత్తు అంటే చర్చి మీద సిలువ. అంతకు మించి తలెత్తి చూడాల్సిన అవసరం మాకెవరికీ రాలేదు. అందుకని, నేను పనిచేసే ఇంటి అమ్మాయి మరియం కంప్యూటర్లోంచి తీసిన రంగుల కాగితాన్ని తివాచీ మీద పరిస్తే, చాయ్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కింద చెరువు. చెరువు ఒడ్డున చెక్క ఇళ్ళు, కిటికీ కిటికీకీ ఎర్రపూల కుండీలు. ఆ ఇళ్ళ వెనకాల, కాగితం పై అంచు దాకా కొండ. దాని తల మీద తెల్లగా మంచు.

"చాయ్ చల్లారిపోతోంది శాంతీ," అంది మామా.

మామా అంటే మన మామయ్య కాదు, ఇంటి పెద్దావిడ. అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం యజమానురాలిని అలాగే పిలుస్తాం. ఆవిడ మాట్లాడేది అరబ్బీయే అయినా, ఎనిమిదేళ్ళు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాక నాకది మా ఊరి తెలుగులాగే వినపడేది. అలాగే చెబుతాను, తప్పు పట్టకండి.

మామాకి భర్త పోయి రెండేళ్ళు. అప్పట్నుంచీ గది దాటి రాదు. మోకాళ్ళు పట్టేశాయి, మనసూ పట్టేసింది. ఆ వేసవికి తల్లిని ఎలాగైనా చల్లటి చోటికి తీసుకెళ్ళాలని కొడుకు సాలిం పట్టుబట్టాడు. ఆస్ట్రియా అనే దేశంలో, గ్రూన్‌బాఖ్ అనే చిన్న ఊళ్ళో, నలభై రోజులకి ఇల్లు అద్దెకి మాట్లాడమని తన కూతురు మరియానికి అప్పజెప్పాడు.

"అక్కడ రోజు విడిచి రోజు వాన పడుతుందట మామా," అంది మరియం, బంగారం దొరికినట్టు మొహం పెట్టి.

వాన కోసం విమానమెక్కే వాళ్ళుంటారా ప్రభువా అనుకున్నాను. మా లంకలో నాలుగు రోజులు వాన పడిందంటే గొడ్లని గట్టెక్కించి, పొయ్యి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాం. ఇక్కడ వీళ్ళు దాన్ని చూడ్డానికి పెట్టెలు సర్దుతున్నారు.

"నేను రాను," అంది మామా. "మసీదు బాంగు వినపడని ఊళ్ళో ఏ దిక్కుకి తిరిగి నమాజు చెయ్యమంటావు?"

మరియానికి పదిహేడేళ్ళు. నాయనమ్మలని ఒప్పించడం పుట్టుకతో వచ్చిన పిల్ల. అదే మాట అక్కడ ఇల్లు అద్దెకిచ్చే ఆవిడకి రాసి పంపించింది. ఆవిడ పేరు హిల్డా. నాలుగు రోజులకి సాలిం ఆఫీసుకి ఫ్యాక్సులో జవాబొచ్చింది, చేత్తో గీసిన బొమ్మతో సహా. వంటిల్లు ఇక్కడ, పొయ్యికి నాలుగు కళ్ళు, గదులు ఇటు రెండు అటు రెండు, పెద్దావిడ గది కిటికీ ఇదిగో. ఊరి బడిపంతులు చేత దిక్సూచి పెట్టించి మరీ మక్కా వైపు బాణం గుర్తు వేయించింది మహాతల్లి. ఆ బాణం కిటికీలోంచి బయటికి పోయి, తిన్నగా కొండ మీదుగా వెళ్ళింది. కింద రెండు ముక్కలు రాసింది. మరియం చదివి వినిపించింది.

"మీ పెద్దావిడ ప్రార్థన చేసుకునేటప్పుడు ఎదురుగా మా కొండ ఉంటుంది. అడ్డమనిపిస్తే తెర వేసుకోవచ్చు."

మామా ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. "కొండకి తెరా!" అని ఫక్కున నవ్వింది. రెండేళ్ళలో ఆవిడ నవ్వగా నేను వినలేదు. "సరే, వస్తాను. శాంతి వస్తేనే."

ఆ సాయంత్రం ఇస్త్రీ చేస్తూ చేస్తూ పాట పాడుకున్నాను. నాకు కొండ చూసే రాత ఉంది! గల్ఫుకి వచ్చి ఎనిమిదేళ్ళయింది, నా కోసమని ఏదీ ఇంత గట్టిగా కోరుకోలేదు. డబ్బు పంపాలని కోరుకున్నాను, కొడుకు పదో తరగతి గట్టెక్కాలని కోరుకున్నాను. అవన్నీ ఇంటి కోరికలు. ఇది నాది.

మర్నాడు మరియం వీసా కాగితాలు నింపుతూ, "శాంతీ, నీ పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం పందొమ్మిది వందల అరవై నాలుగేగా?" అని అడిగింది. నా పాట అక్కడితో ఆగిపోయింది.

నేను పుట్టింది డెబ్భై నాలుగులో. నన్ను పంపించిన ఏజెంటు, ముప్పై నిండని ఆడమనిషిని గల్ఫు ఇంటిపనికి పోనివ్వరు అని, ఏడుని ఆరు చేశాడు. ఒక్క అంకె. మా వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళని నిలబెట్టి అడగండి, సగం మందికి పాస్‌పోర్టులో ఒక వయసు, ఒంట్లో ఒక వయసు. దానికెవరూ సిగ్గుపడం. కానీ అబద్ధం చెప్పడం తేలిక, దానితో కాపురం చెయ్యడమే కష్టం. ఇంట్లో అందరికీ నేను నలభై మూడేళ్ళదాన్ని. అనుమానం రాకుండా ముదురు రంగులు కట్టాను, మెట్లు ఆగి ఆగి ఎక్కాను, నడకలో కూడా పదేళ్ళు కలిపేశాను. మామా నన్ను తన ఈడుకి దగ్గరదాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, "మన ముసలాళ్ళకి ఇవన్నీ ఎందుకులే," అనేది. నేను తలూపేదాన్ని.

ఇన్నాళ్ళూ ఆ కాగితాన్ని ఎవరూ తరచి చూడలేదు. ఇప్పుడు పరదేశం వాళ్ళు పిలిచి కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారట. అబద్ధం బయటపడితే కొండ పోతుంది. కొండతో పాటు ఉద్యోగం కూడా పోవచ్చు.

భయం ఒక పక్క, తయారీ ఒక పక్క. జూన్ నెలంతా నేను హిల్డా గీసిన ఆ ఇంట్లోనే కాపురం చేశాను. నాలుగు కళ్ళ పొయ్యి మీద ఏ కంట్లో అన్నం, ఏ కంట్లో చేపల పులుసు, అన్నీ అనుకున్నాను. ఎండు నిమ్మకాయలు, ఖర్జూరాలు, కాఫీ కూజా, బియ్యం మూటలు కట్టాను. సాంబ్రాణి పొగ వేస్తే ఆ ఇంట్లో పొగని పసిగట్టే గంట మోగుతుందని హిల్డా రాస్తే, అయితే మెట్ల మీద వేసుకుందాం అని మామా పరిష్కారం చెప్పింది. గది దాటని మనిషి, రోజూ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని, "కుంకుమపువ్వు పెట్టావా? అక్కడి పాలు చిక్కగా ఉంటాయట," అని ఆరా తీయడం మొదలుపెట్టింది.

శుక్రవారం ఫోన్లో మా అమ్మకి చెబితే, "అంతెత్తున మంచుంటే మరి కిందోళ్ళ మీద పడిపోదేటే?" అంది.

ఉన్ని కోట్లు కొనడానికి డ్రైవరు సనావుల్లా నన్ను సత్వా బజారుకి తీసుకెళ్ళాడు. అతనిది కడప. వయసు ముప్పై ఎనిమిది. అంటే నాకన్నా అయిదేళ్ళు పెద్ద. అయినా పాస్‌పోర్టు పుణ్యమా అని నన్ను నోరారా అక్కా అంటాడు.

"ఏందక్కా, బయట నలభై ఆరు డిగ్రీలుండాది, నువ్వు గొర్రెబొచ్చు కోటు తొడుక్కుంటాండావే," అని కొట్లో పడీ పడీ నవ్వాడు.

"కొండ మీదికి నైలాన్ చీర కట్టుకుని పొమ్మంటావా?"

"నువ్వు కొండ యాడ ఎక్కుతావులే అక్కా. ఈ వయసులో కింద కూసోని సూడాల్సిందే."

కొట్టువాడు చూపించిన వాటిల్లో ఎర్ర కోటు ఒకటి ఉంది. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. అందులో ఉన్నావిడ నాకు తెలియని పడుచుది. గబుక్కున విప్పేసి, బూడిద రంగుది కట్టమన్నాను. దారి పొడుగునా నా పుట్టినరోజు అరబ్బీలో ఓసారి, హిందీలో ఓసారి, వచ్చీరాని ఇంగ్లీషులో ఓసారి వల్లె వేసుకున్నాను. నిద్రలో లేపి అడిగినా అరవై నాలుగే అని చెప్పేలా నోటికి పట్టించాను.

జూలై మొదటివారంలో దుబాయ్‌లోని కాన్సులేటుకి రమ్మన్నారు. "నా మనిషిని ఎవరో ప్రశ్నలడుగుతుంటే నేనింట్లో కూర్చుంటానా?" అని మామా కూడా బయల్దేరింది. అద్దం అవతల కళ్ళజోడు పెట్టుకున్న తెల్లావిడ. ఇవతల నేను, ఓ పక్క జపమాల తిప్పుకుంటూ మామా, ఇంకో పక్క మరియం. ఆవిడ ఇంగ్లీషులో అడుగుతుంది, మరియం నాకు అరబ్బీలో చెబుతుంది, నా జవాబుని మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తుంది.

పుట్టిన తేదీ అడిగింది. గడగడా చెప్పేశాను. ఈ ఇంట్లో ఎన్నేళ్ళు? ఎనిమిది. ఇండియాలో ఎవరున్నారు? అమ్మ, కొడుకు. కొడుకు వయసు? పదిహేను. అమ్మ వయసు?

"యాభై," అన్నాను.

ఎంత చులాగ్గా వచ్చిందో ఆ మాట! ఒక్క తడబాటు లేదు. నా వయసుకి పదేళ్ళు కలిపి వల్లె వేసుకున్నాను గానీ, మా అమ్మకి కూడా కలపాలని నాకూ తోచలేదు, ఆ ఏజెంటు సన్నాసికీ తోచలేదు. యాభైలోంచి నలభై మూడు తీసేస్తే ఏడు. మా అమ్మ నన్ను ఏడో ఏట కన్నదన్నమాట.

మరియం నోరు తెరిచింది. తెరిచినదాన్ని ఒక్క క్షణం అలాగే ఉంచింది. తర్వాత అద్దం వైపు తిరిగి, "సెవెంటీ," అంది.

వంద దాకా ఇంగ్లీషు అంకెలు నాకు వచ్చు. ఆ పిల్ల డెబ్భై అందని తెలిసింది. తెల్లావిడ రాసుకుంది. నాకేసి చూసి నవ్వి, పెద్దావిడని కొండదారుల్లో జాగ్రత్తగా పట్టుకుని నడిపించమని చెప్పింది. పక్కన జపమాల చప్పుడు ఆగిపోయింది. మామాకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ నేను అరబ్బీలో చెప్పిన యాభై ఆవిడ చెవిన పడింది, లెక్కలు ఆవిడకీ వచ్చు.

తిరుగు ప్రయాణంలో సనావుల్లా అద్దంలో మా మొహాలు చూసి చూసి, "ఏందక్కా, వీసా ఇచ్చినారా లేదా? అందరూ మూతులు బిగించుకోనుండారే," అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆరు రోజులు మామా నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా మరియంతో చెప్పించేది. ఏడో రోజు పాస్‌పోర్టులు వచ్చాయి, అందరివాటిలోనూ వీసాలు, నాదాంట్లో కూడా. సాలిం వాటిని సంబరంగా బల్ల మీద పరిచాడు. మామా వాటికేసి కూడా చూడకుండా, "నేను రావడం లేదు. ఖలాస్," అని గదిలోకి వెళ్ళిపోయింది.

సాలిం బిత్తరపోయాడు. మరియం నాకేసి చూసింది. పాపం, ఆ పిల్ల ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. నేను తిన్నగా మామా గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నీ వయసెంత?" అంది గోడకేసి తిరిగి.

"ముప్పై మూడు."

"అంటే నా ఇంటికొచ్చినప్పుడు ఇరవై అయిదు. ఏడేళ్ళ కొడుకుని వదిలేసి."

"అవును మామా."

"నా గుర్తింపు కార్డులో జనవరి ఒకటిన పుట్టానని ఉంటుంది, తెలుసా? కార్డులిచ్చే రోజుల్లో గుమాస్తా నా మొహం చూసి తోచిన సంవత్సరం రాసేశాడు. నేనెప్పుడు పుట్టానో నాకే తెలీదు. కాగితానికి నువ్వేం చెప్పుకుంటే నాకేంటి. నాకెందుకు చెప్పావే అబద్ధం?"

"తెలిస్తే పంపించేస్తారని భయపడ్డాను."

మామా లేచి కూర్చుంది. "నా చిన్నకూతురి పెళ్ళిలో ఆడపిల్లలందరూ జుట్లు విరబోసుకుని ఆడుతుంటే, నువ్వూ నేనూ గోడవారగా కూర్చున్నాం. మనకెందుకులే అన్నాను. నువ్వు తలూపావు. అప్పుడు నీకెన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిది."

"ఇరవై ఎనిమిది!" అని నుదురు కొట్టుకుంది. "యా అల్లా! దాని వయసంతా నా కాళ్ళ దగ్గర అయిపోయింది, నాకు తెలియనే లేదు." భర్త పోయినప్పుడు కూడా అందరి ముందూ కంటతడి పెట్టని మనిషి, నా ముందు చిన్నపిల్లలా ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. ఎనిమిదేళ్ళు నేను మోసింది ఆవిడ కూడా మోస్తున్నట్టు అనిపించింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, సిగ్గు విడిచి చెప్పేశాను. "నా మీద కోపంతో ఆ కొండని మానుకోకండి మామా. మీరు వెళ్ళకపోతే నేనూ చూడలేను. నాకు చూడాలనుంది."

ఆ ఇంట్లో నాకు ఫలానాది కావాలని నేను అనడం అదే మొదలు. మామా విచిత్రంగా చూసింది.

"నీకు చూడాలనుందా?"

"చచ్చేంత."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవకూడదూ!" అని, తలుపు వైపు తిరిగి ఇల్లెగిరిపోయేలా కేకేసింది. "మరియం! ఎక్కడ చచ్చావే? పెట్టెలు సర్దు, యల్లా!"

గ్రూన్‌బాఖ్‌లో దిగిన మొదటి మూడు రోజులు కొండ లేదు. మబ్బులు ఊరి మీదికి దిగి, ఇళ్ళ వెనకాల ఏమీ లేనట్టు కప్పేశాయి. ఒకటే వాన. మామాకి ఆనందమే ఆనందం. వరండాలో దుప్పటి కప్పుకుని, చెయ్యి బయటికి చాచి, అరచేతిలో పడే చినుకుల్ని చూస్తూ గంటలకి గంటలు కూర్చుంది. నేను మాత్రం నిమిషానికోసారి కిటికీ దగ్గరికి పరిగెట్టి, తెల్లటి గోడలాంటి మబ్బుని చూసి వెనక్కి వచ్చేదాన్ని. కాగితం మీద ఉన్నది ఇక్కడ లేదేమిటి, మోసపోయామా అని కూడా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న మామా గదిలో తెర తీశాను. ఎదురుగా ఉంది.

ఏమని చెప్పను? దూరంగా ఉంటుందనుకున్నాను. ఇంటి మీదికి వంగినట్టుంది. తల ఎంత ఎత్తినా ఇంకా పైకి ఉంది. కింద అడవి నల్లగా, ఆ పైన రాయి, ఆ పైన మంచు, ఆ మంచు మీద లేత ఎండ గులాబీ రంగులో పడుతోంది. మామా జానమాజు చాప పరుచుకుని, నమాజు మొదలుపెట్టడం మరచిపోయి అలాగే నిలబడింది. "సుభానల్లా," అంది చాలాసేపటికి. నేను ప్రభువా అన్నాను.

మధ్యాహ్నం కొండ కిందికి వెళ్ళాం. అక్కడ ఇనుప తీగల మీద గాజు పెట్టెలు పైకి పోతున్నాయి, మనుషుల్ని ఎక్కించుకుని. మామా ఓసారి చూసి, బల్ల మీద చతికిలబడింది. "నన్ను చంపినా దానిలో ఎక్కను. మరియం నా దగ్గరుంటుంది. నువ్వెళ్ళు."

"మీరు కింద ఉంటే నేనెలా వెళ్ళను మామా? ఎప్పుడైనా మిమ్మల్ని వదిలి వెళ్ళానా?"

"వెళ్ళలేదు. అందుకే వెళ్ళమంటున్నాను."

వెళ్ళాను. గాజు పెట్టె పైకి లేస్తుంటే చెరువు పళ్ళెమంతయింది, ఇళ్ళు అగ్గిపెట్టెలయ్యాయి, బల్ల మీద మామా తొడుక్కున్న నల్లటి అబాయా చుక్కయింది. పైన దిగితే కాళ్ళ కింద మంచు, జూలై నెలలో! చెప్పు కింద ఉప్పు నలిగినట్టు చప్పుడు చేస్తోంది. వంగి చేత్తో తీశాను. చురుక్కుమంది, కరిగిపోయింది, మళ్ళీ తీశాను. నాలుగడుగులు వేసి అంచుకి వెళ్ళి అవతలికి చూశాను.

కాగితం మీద ఒక్క కొండే ఉంది. నిజంగా కూడా ఒక్కటే ఉంటుందనుకున్నాను. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, అన్నీ తెల్లటి తలలే, ఆకాశం చివరిదాకా, ఎవరూ చూడకపోయినా అక్కడే ఉండేవి. ఎంత పెద్దది చేశావయ్యా ఈ లోకాన్ని, నేను లంకలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి ఇస్త్రీ బల్ల దగ్గరికీ నడిచి ఇదే లోకమనుకున్నానే అనిపించింది. ఏం చెయ్యాలో తెలియక పరిగెత్తాను. ఎనిమిదేళ్ళుగా ఆగి ఆగి నడిచినదాన్ని, ఆ మంచులో ఈ చివర్నుంచి ఆ చివరికి, కోటు గుండీలు ఊడేలా పరిగెత్తాను. పడ్డాను. లేచాను. పక్కనున్న తెల్లవాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను.

కిందికి దిగేసరికి మామా బల్ల మీద ఎదురుచూస్తోంది. "ఏముంది అక్కడ?" అని అడిగింది.

"ఒక్కటి కాదు మామా. వెనకాల ఇంకా ఉన్నాయి. ఎన్నో ఉన్నాయి," అన్నాను. నడిబజార్లో నిలబడి వలవలా ఏడ్చేశాను.

మామా నన్ను కూర్చోబెట్టి, తన ముసుగు కొంగుతో నా మొహం తుడిచింది. తడిసిన నా జుట్టుని చెవుల వెనక్కి తోసింది.

"ఇంకా ముప్పై ఆరు రోజులున్నాయి. రేపు మళ్ళీ వెళ్ళు."

"రేపు కూడానా మామా?"

"నీకేం, చిన్నపిల్లవి," అంది.